సీటీ స్కోరు చెప్పని సంగతులు

కరోనా రెండో వేవ్ ప్రస్తావన వస్తే చాలు, ఎవరింట్లోనైనా మొదట బయటికొచ్చేది సీటీ స్కోరే. “మా బావగారికి 25కి 18 వచ్చింది, అయినా గట్టెక్కారు” అంటారు. ఊపిరితిత్తుల్లో ఐదు భాగాలు, ఒక్కో భాగం ఎంత దెబ్బతిందో చూసి భాగానికి ఐదు దాకా, మొత్తం 25. ఆ లెక్క స్కానింగ్ సెంటర్ వాళ్లది. నేను రాజమహేంద్రవరం దానవాయిపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా దగ్గరికి వచ్చేది రక్తం. నీలం మూత ట్యూబులో గడ్డకట్టే గుణం తెలుస్తుంది, ఊదా మూతలో రక్తకణాలు, బూడిద రంగు మూతలో షుగర్, ఎర్ర మూతలో కిడ్నీ, లివర్. 2021 ఏప్రిల్, మే నెలల్లో నేను కరోనాను చూసింది ఈ నాలుగు రంగుల్లోనే. అందుకే అది ఊపిరితిత్తుల జబ్బని ఎవరైనా అంటే మిగతా సగం ఎప్పుడు చెబుతారా అని చూస్తుంటాను.

ఆ రోజుల్లో డాక్టర్లు చీటీ మీద పరీక్షలు విడివిడిగా రాయడం మానేసి ‘కోవిడ్ ప్రొఫైల్’ అని ఒక్క ముక్క రాసేవారు. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, డి-డైమర్, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, లివర్, క్రియాటినిన్, షుగర్ అన్నీ అందులోకే. చీటీ లేకుండా వాట్సాప్‌లో వచ్చిన జాబితా చూపించి చేయించుకున్నవాళ్లూ తక్కువేమీ కాదు. నడవలేనివాళ్ల ఇళ్లకు నేనే వెళ్లి రక్తం తీసేదాన్ని. పీపీఈ కిట్టు, దాని మీద రెండు జతల గ్లవ్స్. నరం వేలికి తగలదు, కళ్లద్దాల మీద ఆవిరి పట్టి కంటికీ ఆనదు. నీలం మూత ట్యూబుతో ఇంకో తంటా. దాని అడుగున సిట్రేట్ మందు ముందే కొలిచి పోసి ఉంటుంది. ఒక పాలు మందుకు తొమ్మిది పాళ్ల రక్తం పడాలి. గీత దాకా నిండకపోతే ఫలితం తప్పుతుంది, మళ్లీ పొడవాలి. జ్వరానికి నీళ్లు కూడా తాగక నరాలు ముడుచుకుపోయిన పెద్దాయనను రెండోసారి పొడిచేటప్పుడు ఆయన భార్య మన వైపు చూసే చూపు ఉంటుంది చూడండి, అది తట్టుకోవడం కష్టం.

కరోనాకు ముందు డి-డైమర్ పరీక్ష మాకు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. కిట్లు గడువు దాటిపోయి పారేసిన సందర్భాలున్నాయి. అలాంటిది ఆ వేసవిలో కిట్టు దొరికితే పండగ. రక్తం గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ అనే ప్రొటీన్ దారాలుగా అల్లుకుంటుంది. అవసరం తీరాక శరీరమే ఆ అల్లికను కోసేస్తుంది. కోయగా మిగిలిన తునక పేరు డి-డైమర్. అది బాగా పెరిగిందంటే లోపల ఎక్కడో గడ్డలు కడుతూ కరుగుతూ ఉండవచ్చని అనుమానించాలి. ఎక్కడ అన్నది మాత్రం ఆ అంకె చెప్పదు. వయసు పైబడినా, గర్భిణిగా ఉన్నా, ఈమధ్యే ఆపరేషన్ అయినా, ఏ ఇన్ఫెక్షన్ వచ్చినా అది పెరగవచ్చు.

ఈ అంకెతో పడ్డ గొడవలకు లెక్కలేదు. “నిన్న పక్క ల్యాబ్‌లో 0.6 వచ్చింది మేడమ్, ఇవాళ మీ దగ్గర 620 అంటున్నారు. రాత్రికి రాత్రి వెయ్యి రెట్లు పెరుగుతుందా?” అని ఒకాయన కౌంటర్ బల్ల గుద్దాడు. వాళ్లది మైక్రోగ్రాముల్లో, మాది నానోగ్రాముల్లో. మార్చి చూస్తే రెండూ దాదాపు ఒకటే. ఇది చాలదన్నట్టు డి-డైమర్‌ను లెక్కగట్టే పద్ధతులు రెండున్నాయి. ఒకదానిలో వచ్చే అంకె రెండోదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఒక పద్ధతిలో 500 దాకా మామూలైతే ఇంకో పద్ధతిలో 250 దాకానే మామూలు. రిపోర్టు చివర సన్నటి అక్షరాల్లో ఉండే ఆ కొలమానం చూడకుండా, రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని నిద్ర మానుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

ఊపిరితిత్తుల్లోకి దిగిన వైరస్‌కు గడ్డలతో పనేమిటి? వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ప్రొటీన్ పేరు ఏస్-2. అది ఊపిరితిత్తుల్లో మాత్రమే ఉండదు. చిన్న పేగులో బోలెడంత ఉంటుంది. మూత్రపిండాల్లో, గుండెలో, రక్తనాళాల్లో కూడా ఉంటుంది. 2020 ఏప్రిల్‌లోనే జ్యూరిక్ వైద్యులు లాన్సెట్ పత్రికలో కొందరు రోగుల వివరాలు రాశారు. వాళ్ల గుండె, మూత్రపిండాలు, పేగుల్లోని రక్తనాళాల లోపలి పొర వాచి దెబ్బతిని ఉంది. రక్తాన్ని జారుడుగా, గడ్డకట్టకుండా ఉంచేది ఆ పొరే. అది చెడితే గడ్డలు మొదలవుతాయి. దానికి తోడు వైరస్ మీదికి మన రోగనిరోధక వ్యవస్థ విరుచుకుపడినప్పుడు పుట్టే రసాయనాలూ గడ్డలకు దారి తీస్తాయి. ఆసుపత్రిలో చేరినవాళ్లకు పొట్ట మీద చర్మం కింద రోజూ ఇచ్చిన ఆ చిన్న ఇంజెక్షన్లు, హెపారిన్ రకం మందులు, ఇందుకే. ఆక్సిజన్ 97 చూపిస్తున్నా పిక్క వాచి నొప్పి అంటూ వచ్చిన కుర్రవాడిని మా డాక్టరుగారు కూర్చోనివ్వకుండా నేరుగా డాప్లర్‌కు, అంటే రక్తనాళాల స్కాన్‌కు, పంపించారు. కాలి నరంలో గడ్డ ఉంది.

షుగర్ సంగతికి వస్తాను. నాకు దీని మీదే చెప్పాలనిపించేది ఎక్కువ.

“కరోనా వల్ల షుగర్ వచ్చింది” అని ఇప్పటికీ వారానికి ఒకరైనా అంటారు. నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చే వీలు ఊదా మూత ట్యూబులో ఉంది. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు. కాబట్టి హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది. ఆ మే నెలలో ఒకే రోజు ఇద్దరి ట్యూబులు వచ్చాయి. ఇద్దరూ నలభై దాటినవాళ్లే, ఇద్దరూ మాకు ఎప్పుడూ షుగర్ లేదన్నవాళ్లే, ఇద్దరికీ షుగర్ 400 చుట్టుపక్కల ఉంది. ఒకరి హెచ్‌బీఏ1సీ 9.1. అంటే ఆయనకు కరోనా రాకముందే, నెలల తరబడి, తెలియకుండా షుగర్ ఉంది. రెండో ఆయనది 5.8. నెల కింద దాకా దాదాపు మామూలు మనిషి, ఈ పది పదిహేను రోజుల్లో పేలిపోయింది. అంకెలు ఒకటే, కథలు వేరు. మొదటాయన ఈ రోజుకీ మందుల మీదే ఉన్నారు. రెండో ఆయనకు స్టెరాయిడ్లు ఆపిన కొన్ని వారాలకు షుగర్ దిగింది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటారు.

స్టెరాయిడ్లన్నాను కదా. 2020 జూన్‌లో బ్రిటన్‌లో ‘రికవరీ’ అనే పేరుతో రోగుల మీద జరిగిన మందుల పరీక్ష ఫలితం ప్రకటించారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను అది మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకూ మేలు చేసింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు మాత్రం లాభమేమీ కనిపించలేదు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ చివరి వాక్యం ఎక్కడో జారిపోయింది. జ్వరం వచ్చిన రెండో రోజే, ఆక్సిజన్ 98 ఉండగానే, మందుల షాపు నుంచి స్టెరాయిడ్ బిళ్లలు తెచ్చుకుని మింగినవాళ్ల రక్తం నేను తీశాను. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది. జబ్బు ఒత్తిడికి ఒంట్లో విడుదలయ్యే హార్మోన్లూ పెంచుతాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్లోకి వైరస్ వెళ్లగలదని కూడా పరిశోధనల్లో తేలింది. మూడూ ఒకేసారి కలిసిన మనిషి షుగర్ ఎంతకు పోతుందో గ్లూకోమీటరు కూడా చెప్పలేదు. తెర మీద ‘హై’ అని రాసి ఊరుకుంటుంది.

ఆ తర్వాతిదే బ్లాక్ ఫంగస్. చెవి-ముక్కు-గొంతు డాక్టరుగారు ముక్కులోంచి గీకిన చిన్న ముక్కను సీసాలో పెట్టి పంపేవారు. స్లైడు మీద ముక్క, దాని మీద పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, పైన కవర్ స్లిప్. కాసేపు ఆగితే ఆ క్షారానికి మనిషి కణాలు కరిగిపోతాయి. ఫంగస్ గోడ కరగదు. మైక్రోస్కోపులో చూస్తే వెడల్పాటి రిబ్బను ముక్కల్లా పోగులు, మధ్యలో అడ్డుగోడలు లేకుండా, కొమ్మలు దాదాపు లంబకోణంలో చీలుతూ కనిపిస్తాయి. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మగా చూసి పరీక్షలో రాసి మరిచిపోయిన సంగతి. ఆ నెలలో కళ్లు మూసుకుంటే అవే కనిపించేవి. రిపోర్టు ఆలస్యమైతే కన్ను పోతుంది, ఇంకా ఆలస్యమైతే మనిషే పోతాడు. అందుకని ఫోనులోనే చెప్పేసి కాగితం తర్వాత పంపేవాళ్లం.

కడియం నర్సరీలో పనిచేసే ఒకాయనకు ఇది వచ్చింది. మట్టిలో పని కాబట్టి వచ్చిందని ఇంట్లోవాళ్లు, ఇక ఆ పనికి పంపేది లేదని భార్య. ఆ ఫంగస్ మట్టిలో ఉండే మాట నిజమే, కానీ గాలిలోనూ ఉంటుంది, మనందరి ముక్కుల్లోకీ రోజూ పోతూనే ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు కూడా. ఆయన విషయంలో అదుపు తప్పిన షుగర్, దాని మీద స్టెరాయిడ్లు కలిసి దానికి చోటిచ్చాయి. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. తెలంగాణలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దీనికి ప్రత్యేకించారు. మందు మాత్రం దొరికేది కాదు. ఆంఫోటెరిసిన్ కోసం ఊళ్లు దాటి వెతికారు. దొరికాక ఇంకో ముడి. ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పొటాషియాన్ని పడగొడుతుంది. ఊపిరితిత్తులతో మొదలైన మనిషి షుగర్ మీదుగా ముక్కుకు, ముక్కు మీదుగా కన్నుకు వచ్చి, చివరికి రోజు విడిచి రోజు క్రియాటినిన్ కోసం మా ఎర్ర మూత ట్యూబులోకి వచ్చేవాడు. ఒక్క రోగి ఫైలులోనే నాకు సగం శరీరం కనిపించేది.

క్రియాటినిన్ గురించి ఒక మాట. కండరాల నుంచి వచ్చే వ్యర్థం అది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. 1.2 లోపు ఉంటే హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ అంకె ఆలస్యంగా లేస్తుంది. మూత్రపిండాల పని దాదాపు సగం తగ్గేదాకా గీత దాటకపోవచ్చు. పైగా ఎముకల గూడులా ఉన్న ముసలమ్మకు కండే లేదు, ఆమెకు 1.1 అంటే నిజానికి మంచి అంకె కాదు. కరోనాతో ఐసీయూలో ఉన్నవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతినడానికి కారణం ఒక్కటి కాదు. బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, ఒంట్లో నీరు ఇంకిపోవడం, సన్న నాళాల్లో గడ్డలు, కొన్ని మందులు, అన్నీ కలుస్తాయి. కొందరికి డయాలసిస్ పట్టింది. చాలామందికి మళ్లీ తేరుకున్నాయి. తేరుకున్నాయో లేదో తెలుసుకోవడానికి ఇంటికి వెళ్లాక పరీక్షకు రావాలి, ఆ రెండోసారి వచ్చినవాళ్లే తక్కువ. లివర్ గురించి ఎక్కువ చెప్పను. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ రెండు మూడు రెట్లు పెరగడం మామూలుగా చూశాం, చాలామందికి దానంతటదే దిగింది. జబ్బు వల్ల పెరిగిందో మింగిన మందుల వల్ల పెరిగిందో ఆ అంకె చూసి ఎవరూ తేల్చలేరు.

నాకూ వచ్చింది. జ్వరం పెద్దగా లేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒకాయన మోచేతి మీద రుద్దుతుంటే వాసన తగల్లేదు. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ లేదు. వాసన పట్టే నాడీకణాలనే వైరస్ తినేస్తుందని అప్పట్లో అందరూ అనేవారు. 2020లోనే హార్వర్డ్ పరిశోధకులు చూపించింది వేరు. ఏస్-2 ఉన్నది ఆ నాడీకణాలకు ఆసరాగా ఉండే పక్క కణాల్లో. అవి చెడితే నాడీకణాలకు దిక్కు లేకుండా పోతుంది. నాకు వాసన మూడు వారాల్లో తిరిగి వచ్చింది గానీ వంకరగా వచ్చింది. అత్తయ్య ఉల్లిపాయలు వేయిస్తుంటే కుళ్లిన కంపు. కాఫీ కూడా అంతే. ఇంగువ పోపు మాత్రం ఎప్పటిలాగే ఉండేది, ఎందుకో. ఆమె చాలాకాలం నా వాటా కూర ఉల్లిపాయ వేయకుండా విడిగా వండింది. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి ఇలా మారిపోవడం చాలా దేశాల్లో రోగులు చెప్పిందేనని తర్వాత చదివి తేలికపడ్డాను. బ్రిటన్‌లో రెండేసి సార్లు మెదడు స్కాన్లు తీసిన 785 మంది వివరాలు 2022లో వచ్చాయి. రెండు స్కాన్ల మధ్యలో కరోనా వచ్చినవాళ్లలో వాసనతో సంబంధమున్న భాగాల్లో కొద్దిపాటి తగ్గుదల కనిపించింది. కొద్దిపాటిదే. మెదడు కరిగిపోయిందని వీడియోల్లో చెప్పినంత కాదు.

పేగుల విషయానికి హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. సోకినవాళ్ల మలంలోనూ వైరస్ జన్యుపదార్థం బయటికొస్తుంది. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, అందులోని వైరస్ జన్యుపదార్థాన్ని బట్టి సుమారు 6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. విరేచనాలతో మొదలైన కేసులను ‘అజీర్తి’ అని కొట్టిపారేసిన రోజుల్లో ఆ వార్త చదివి మా డాక్టరుగారు నోటీసు బోర్డుకు అంటించారు.

ఇంతదాకా చెప్పింది అంకెలు అరిచిన కథ. అంకెలు నోరెత్తని కథ ఇంకోటి ఉంది. హైస్కూల్లో పీఈటీ మాస్టారు ఒకాయన, కరోనా ఇంట్లోనే తగ్గింది, సీటీ కూడా తీయించలేదు. రెండు నెలల తర్వాత గ్రౌండ్‌లో విజిల్ ఊది నిలబడలేకపోయారు. గుండె దడ, కళ్లు తిరగడం. సీబీపీ, థైరాయిడ్, షుగర్, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ అన్నీ మా దగ్గరే చేశాం. అన్నీ నార్మల్. ఈసీజీ, ఎకో నార్మల్. “రిపోర్టులన్నీ బాగున్నాయి, నీకే మనసులో బెంగ” అన్నారట బంధువులు. చివరికి ఒక గుండె డాక్టరు ఆయన్ను పడుకోబెట్టి నాడి చూసి, నిలబెట్టి పది నిమిషాలపాటు మళ్లీ మళ్లీ చూశారు. పడుకుంటే 72, నిలబడితే 118. బీపీ పడలేదు. నిలబడగానే నాడి 30కి పైగా పెరిగిపోయే ఈ తేడాకు పాట్స్ అని పేరుంది. గుండె కండరం బాగానే ఉంటుంది. దాన్ని నడిపించే నాడీ వ్యవస్థ లయ తప్పుతుంది. పరీక్షకు ఖర్చు లేదు, మంచం, గడియారం చాలు. నీళ్లు, ఉప్పు ఎక్కువ తీసుకోమన్నారు. “ఉప్పు మానేయమన్న డాక్టర్లనే చూశాం గానీ తినమన్న డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నామండీ” అని ఆయన భార్య నాతో అంది. మొదట పడుకుని చేసే వ్యాయామాలు, తర్వాత కూర్చుని. ఏడాది పట్టింది గానీ మాస్టారు మళ్లీ గ్రౌండ్‌లోకి వెళ్లారు.

అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వైద్యులు కరోనాతో మరణించిన 44 మంది దేహాలను పరీక్షించి 2022 డిసెంబరులో ఫలితాలు ప్రచురించారు. మెదడుతో సహా ఒళ్లంతా వైరస్ జన్యుపదార్థం దొరికింది, ఒకరిలో 230 రోజుల తర్వాత కూడా. ఆశ్చర్యమేమిటంటే శ్వాసమార్గం బయట అది దొరికిన చాలా చోట్ల వాపు గానీ నష్టం గానీ పెద్దగా లేదు. వైరస్ ఉన్నంత మాత్రాన ఆ అవయవం చెడిందని అర్థం కాదన్నమాట. సెయింట్ లూయిస్‌లో మాజీ సైనికుల రికార్డులు తిరగేసినవాళ్లు మరో వైపు నుంచి చూశారు. కరోనా వచ్చి తగ్గిన లక్షన్నర మందికి ఆ తర్వాతి ఏడాదిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉంది, ఆసుపత్రి గడప తొక్కనివాళ్లలో కూడా. వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన మగవాళ్లు. ఆ శాతాలను తెచ్చి మన ఇంటి పాతికేళ్ల పిల్లకు అతికించకూడదు.

ఇక పెళ్లిళ్లలో నాకు తప్పని ప్రశ్న: “కుర్రాళ్లు కుప్పకూలి పోతున్నది టీకా వల్లేనట కదా?” 18 నుంచి 45 ఏళ్ల వయసులో హఠాత్తుగా మరణించినవాళ్ల మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా ఆ ముప్పును పెంచలేదని తేలింది. పెంచినవి వేరే: గతంలో కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అలాంటి మరణాలు ఉండటం, చనిపోయే ముందు అతిగా తాగడం, మితిమీరిన శ్రమ. ఇది చెబితే సగం మంది వింటారు, మిగతా సగం మంది గారెల వైపు వెళ్లిపోతారు.

నేను డాక్టర్ని కాదు. అయినా కౌంటర్ దగ్గర అడిగినవాళ్లకు చెప్పేది చెబుతాను. అప్పట్లో ఆసుపత్రిలో చేరినవాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లు ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చూపించుకోండి. బీపీ ఎలాగూ చూస్తారు. తుంటిలో నొప్పి మొదలై తగ్గకపోతే స్టెరాయిడ్ వాడిన సంగతి డాక్టరుకు మీరే గుర్తుచేయండి, ఎందుకంటే తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై వైద్యులు బయటపెట్టారు. లక్షణమేదీ లేకుండా డి-డైమర్ మాత్రం చేయించుకోకండి. ఏ జలుబుకో కాస్త పెరుగుతుంది, ఆ కాగితం పట్టుకుని వారం రోజులు తిండి మానేస్తారు. మా గోడ మీద ‘పోస్ట్ కోవిడ్ ప్యాకేజీ’ బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది, అందులో మొదటి పరీక్ష అదే. మా యజమానిగారు బ్లాగులు చదవరు కాబట్టి రాస్తున్నాను.